సంక్రాంతి పిండివంటలయ్యాక ఇంట్లో తేలిగ్గా ఏం వండుకోవాలి?

ప్రశ్న ఇది: పండగ రోజులన్నీ అరిసెలు, జంతికలు, గారెలు, బొబ్బట్లతో గడిచాయి. పొట్ట బరువుగా ఉంది, డబ్బాల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. నలుగురున్న ఇంట్లో ఎవరికీ విడిగా వంట పెట్టకుండా ఇప్పుడేం వండాలి? రెండ్రోజులు పళ్ళరసాలతో గడిపేస్తే సరిపోతుందా?

రసాలు అక్కర్లేదండీ. రసం తీసి వడకడితే పీచు పోతుంది, సాయంత్రానికి కడుపు ఖాళీ అయి చెయ్యి మళ్ళీ జంతికల డబ్బాలోకే వెళ్తుంది. మన పప్పు, కూర, చారు, మజ్జిగ చాలు. మార్చుకోవాల్సింది రెండే: నూనె పోసే పద్ధతి, కంచంలో అన్నం వాటా.

నూనెతో మొదలుపెడతాను, అసలు కిటుకంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు అని ఉంది. టీ చెంచాతో సుమారు ఆరు. నలుగురు పెద్దవాళ్ళకి రోజుకి ఇరవై నాలుగు చెంచాలు, నెలకి మూడున్నర లీటర్ల పైచిలుకు. క్యాను వంచి పోసే ఇంట్లో ఈ లెక్క ఎప్పుడూ తెలియదు, ఒక్క పోపుకే ఎనిమిది చెంచాలు పడిపోతాయి. పోపుల పెట్టెలో ఒక టీ చెంచా ఉంచుకుని, నూనె దానితోనే కొలిచి వేయండి. కూరకి రెండు, పప్పుకి రెండు, చారుకి ఒకటి.

అంత తక్కువ నూనెతో కూర మాడిపోతుందని అందరూ భయపడతారు. సన్నటి గిన్నెలో, పెద్ద మంట మీద అయితే మాడుతుంది కూడా. అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకోండి. ఉదాహరణకి ఈ రోజుల్లో దొరికే చిక్కుడుకాయలు అరకిలో. నార తీసి, విరిచి, కడిగి, నీళ్ళు పూర్తిగా ఓడ్చకుండా తడితోనే పక్కన పెట్టండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, చెంచాడు మినప్పప్పు, రెండు ఎండుమిర్చి, కరివేపాకు వేగాక ముక్కలు వేసి, పసుపు, ముప్పావు చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ముందే వేస్తే ముక్కలో నీరు బయటికొస్తుంది, ఆ నీటి ఆవిరితోనే కూర మగ్గాలి. ఇప్పుడు మూత బదులు లోతు పళ్ళెం పెట్టి అందులో గ్లాసుడు నీళ్ళు పోయండి. కిందనుంచి లేచిన ఆవిరి చల్లటి పళ్ళేనికి తగిలి, బొట్లు బొట్లుగా తిరిగి కూరలోనే పడుతుంది. సన్నసెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలిపితే చాలు. అడుగంటుతోందనిపిస్తే నూనె పోయకండి, పళ్ళెంలో కాగిన నీళ్ళు రెండు చెంచాలు కూరలోకి చిలకరించండి. ముక్క మెత్తబడ్డాక పళ్ళెం తీసి, మూడు నిమిషాలు తడి ఆరనిచ్చి, పండక్కి తెచ్చి మిగిలిన నువ్వుల్ని వేయించి కొట్టిన పొడి రెండు పెద్ద చెంచాలు చల్లండి. అంతకి మించొద్దు, నువ్వుల బరువులో దాదాపు సగం నూనే.

ముల్లంగి, బీన్స్, క్యాబేజీ, సొరకాయ అన్నీ ఇదే వరస. ఆకుకూరలకి మాత్రం ఉప్పు చివర్న వేయాలి. మూకుడు నిండా ఉన్న తోటకూర గుప్పెడవుతుంది, ముందే చూసి వేసిన ఉప్పు చివరికి ఎక్కువైపోతుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఫ్రోజెన్ చిక్కుడు, మెంతికూర వాడేవాళ్ళు పళ్ళెం పెట్టొద్దు. వాటిలో మంచు నీరు చాలా ఉంటుంది, మూత లేకుండా వండితేనే కూర ముద్ద కాకుండా ఉంటుంది.

తేలిగ్గా తినాలని చాలామంది ముందు పప్పు మానేస్తారు. అది పొరపాటు. పప్పు అంతే ఉంచి, అందులో ఆకు పెంచి, అన్నం తగ్గించాలి. నలుగురికి 160 గ్రాముల కందిపప్పు, ఒలిచిన మెంతికూర పావుకిలో, రెండు టమాటాలు. పప్పు పసుపుతో మెత్తగా ఉడికాకే చింతపండు పులుసు పోయండి. ముందే పోస్తే ఆ పులుపుకి పప్పు పలుకుగానే ఉండిపోతుంది, ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు. మెంతికూర చేదనిపిస్తే నూనెలో వేయించక్కర్లేదు, పొడి మూకుట్లో రెండు నిమిషాలు వాడిస్తే సరిపోతుంది. జంతికలు, అప్పడాలు, ఊరగాయలు ఎటూ నడుస్తుంటాయి కాబట్టి ఈ వారం పప్పులో ఉప్పు కాస్త తగ్గించండి. అన్ని రూపాల్లో కలిపి మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకూడదు, అది ఒక్క టీ చెంచాడు.

అన్నానికి పూటకి మనిషికి 60, 70 గ్రాముల బియ్యం పోయండి. జనవరిలో చాలా ఇళ్ళకి కొత్త బియ్యం వస్తాయి. వాటికి పాత బియ్యంలా గ్లాసుకి రెండు గ్లాసులు పోస్తే ముద్దవుతుంది, రకాన్ని బట్టి గ్లాసున్నర దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. వడ్డించేటప్పుడు సగం కంచం కూరలకిచ్చి, ఆ తర్వాత అన్నం పెట్టండి. వరస మారితే కూర ఎప్పుడూ నంజుకోవడానికే మిగులుతుంది.

రాత్రికి జొన్నరొట్టె మంచిది, నూనె చుక్క పడదు. విరిగిపోతుందని మానేసేవాళ్ళకి కారణం చెప్తాను. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో లేదు, మరిగే నీళ్ళే దానికి పట్టునివ్వాలి. గ్లాసు పిండికి గ్లాసుకి కాస్త తక్కువగా, తెర్లుతున్న నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూతపెట్టి, వేడి తట్టుకోగలిగినప్పుడు అరచేతి మడమతో మూడు నాలుగు నిమిషాలు గట్టిగా రుద్దండి. ముద్ద అంచులు పగలకుండా నున్నగా వస్తే కుదిరినట్టే. పొడిపిండి చల్లుకుని తట్టి, ఆ పిండి అంటిన వైపు పైకి వచ్చేలా కాలిన పెనం మీద వేసి, వెంటనే తడిచేత్తో పైన నీళ్ళు రాయండి. ఆ నీళ్ళు ఆరగానే తిప్పాలి. ఆలస్యమైతే రొట్టె బీటలిస్తుంది, తొందరపడితే పెనానికి అంటుకుంటుంది. పిండి మరపట్టించి నెలలైతే ఎంత రుద్దినా విరుగుతుంది, అప్పుడు లోపం చేతిది కాదు.

కనుమ గారెలకి రుబ్బిన మినప్పిండి మిగిలితే మళ్ళీ మూకుడెక్కించకండి, ఆవిరి కుడుములు వేయండి. ఉల్లిపాయ కలపని పిండి అయితే ఫ్రిజ్‌లో మర్నాటికి బాగానే ఉంటుంది. గారెల పిండి గట్టిగా ఉంటుంది కాబట్టి కొద్దికొద్దిగా నీళ్ళు కలిపి ఇడ్లీపిండి జారుకి తెచ్చి, చేత్తో మూడు నిమిషాలు గిలక్కొట్టండి. కుడుము గుల్లగా రావడం ఈ గిలక్కొట్టడంలోనే ఉంది. ఇడ్లీ పళ్ళేల్లో అయితే పన్నెండు నిమిషాలు, గిన్నె మూతికి వాసెన కట్టి వేస్తే పదిహేను పైన పడుతుంది. మధ్యలో మూత తీస్తే అణిగిపోతుంది. అల్లప్పచ్చడి నంజుకుంటే వేరే టిఫిన్ అక్కర్లేదు.

గారెలే మిగిలిపోయాయా? వేడినీళ్ళలో నిమిషంన్నర ముంచి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కండి. నీళ్ళ మీద నూనె కళ్ళు తేలడం కనిపిస్తుంది. తర్వాత గిలకొట్టిన పెరుగులో వేసి, ఒక్క చెంచా నూనెతో పోపు పెట్టండి. అరిసెలు, జంతికలు భోజనం మీద కాకుండా సాయంత్రం టీ వేళకి ఒకటో రెండో కంచంలో పెట్టుకుని తినండి, డబ్బా దగ్గర కూర్చుని వద్దు. పాత నూనె వాసన తగిలితే నిర్మొహమాటంగా పారేయండి. బెల్లం కదా అని షుగర్ ఉన్నవాళ్ళకి అరిసెలు పెట్టకండి, బెల్లం కూడా చక్కెరే. షుగర్ మందులు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పూట మానేయడం, అన్నం సగానికి సగం తగ్గించడం చేయొద్దు, రక్తంలో చక్కెర పడిపోతుంది.

ఇక మూకుట్లో మిగిలిన కాగిన నూనె. జంతికలు వేయించింది చల్లారాక పలచటి బట్టలో వడకట్టి, విడి సీసాలో పోసి, రెండు మూడు రోజుల్లో పోపులకి వాడేయండి. కొత్త నూనెలో కలపొద్దు, మళ్ళీ బజ్జీలకి పెట్టొద్దు. అరిసెల నూనె ఇంకా త్వరగా చెడుతుంది, బెల్లం, పిండి రాలి అడుగున నల్లగా మాడతాయి. పలుమార్లు కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. ఇంట్లో కొలవలేం కాబట్టి గుర్తులు చూసుకోవాలి: రంగు ముదరడం, చిక్కబడడం, కాచేటప్పుడు నురగ కట్టడం, ముందుకంటే తొందరగా పొగ రావడం. వీటిలో ఏది కనిపించినా సీసాలో పోసి బిగించి చెత్తలో వేయండి. సింకులో పోస్తే గొట్టంలో పేరుకుని పూడుకుపోతుంది.