స్లాట్ కార్ల కోసం క్రెడిట్ కార్డు అప్పా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. జీతం చేతికి 62,000, ఇంటి ఖర్చు 45,000 రూపాయలు. ఇసెట్టా, మెస్సర్‌ష్మిట్ వంటి పాతకాలపు బుల్లి కార్ల డై-కాస్ట్ (అచ్చుపోసిన లోహపు) నమూనాలను, ట్రాక్ గాడిలో కరెంటుతో పరుగెత్తే స్లాట్ కార్లుగా మార్చి నెలకు రెండు అమ్ముతున్నాను. ఒక్కోదానిపై 3,000 మిగులుతుంది. మోటార్లు, ఛాసిస్‌లు ఒకేసారి తెప్పించడానికి క్రెడిట్ కార్డు మీద 2 లక్షల నగదు తీసుకుని, ఆరు నెలల్లో ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. పొదుపు 60,000 ఉంది. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందే. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా మొదలుపెట్టమంటారా?

జవాబు: ఇష్టమైన పనిలో నాలుగు రూపాయలు కనిపించగానే అప్పు చేసి, ఉద్యోగం వదిలేయాలని తొందరపడేవారు చాలామంది ఉన్నారు కనుకనే మీ ఉత్తరానికి జవాబిస్తున్నాను. కార్డు మీద నగదు తీస్తే వడ్డీ లేని గడువంటూ ఉండదు, తీసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. నెలకు 3.5 శాతం అనుకుంటే 2 లక్షలకు 7,000, దానిపై 18 శాతం జీఎస్టీ 1,260, వెరసి 8,260 రూపాయలు. కార్ల మీద మీకు మిగిలేది 6,000. అసలు మాట అటుంచండి, వడ్డీకే 2,260 జీతంలోంచి తీయాలి; ఆ జీతాన్నే మీరు వదులుకుంటానంటున్నారు.

అవసరమైతే తెప్పించిన విడిభాగాలను అమ్ముకోవచ్చన్న ధీమా కూడా పెట్టుకోవద్దు. ఇసెట్టాకు వెనుక చక్రాలు రెండూ బాగా దగ్గరగా ఉంటాయి, మెస్సర్‌ష్మిట్ కేఆర్200కు వెనుక ఉన్నదే ఒక చక్రం. ఒకదాని కోసం కోసి సరిచేసిన ఛాసిస్, ఇరుసు రెండోదానికి పనికిరావు. అడుగున రివెట్లు తొలిచి, లోపలి దిమ్మెలను అరగదీసి, మోటారు కూర్చోబెట్టిన తరువాత కూడా, జింకు మిశ్రమలోహపు బాడీ బరువుకు కారు మలుపులో పల్టీ కొడుతుందేమో చూసుకోవలసిన పని ఇది, సరుకు రెట్టింపైనంత మాత్రాన రెట్టింపు వేగంతో సాగదు. పైగా దిగుమతయ్యే బొమ్మలపై కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. మీ పార్సిల్‌ను ఆ పద్దు కింద లెక్కగడితే ఆ 3,000 మిగులు కూడా నిలవదు.

మీకు ముందుగా కావలసింది అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చంటే 2,70,000 రూపాయలు, మీ దగ్గర ఉన్నది నెలన్నరకు కూడా చాలదు. నెలకు 17,000 మిగలవలసిన ఇంట్లో పొదుపు ఇంతేనంటే, మిగతాది పనిముట్లకూ నమూనాలకూ పోతోందని అనుకోవాలి. జీతంలో మిగులును, కార్ల ఆదాయాన్ని కలిపి జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి మళ్లించి, ఆటో స్వీప్ (పరిమితి దాటిన సొమ్ము దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లే ఏర్పాటు) పెట్టుకోండి. బీమా ప్రీమియం పోను సుమారు ఏడాదిలో నిధి సమకూరుతుంది. ఉద్యోగం మానితే ఆఫీసు బీమా కూడా పోతుంది కాబట్టి సొంత ఆరోగ్య పాలసీని ఈ నెలలోనే తీసుకోండి, కొన్ని జబ్బులకు క్లెయిమ్ కోసం వేచి ఉండే కాలం కొంతైనా ఉద్యోగంలో ఉండగానే గడుస్తుంది. మీ మీద ఆధారపడినవారుంటే టర్మ్ పాలసీ (కేవలం ప్రాణానికి రక్షణ ఇచ్చే జీవిత బీమా) కూడా అవసరమే. సిప్ సంగతి నిధి పూర్తయ్యాక చూద్దాం. బంగారంపై రుణానికి వడ్డీ తక్కువే అయినా, ఈ పనికి అదీ వద్దు.

అంతవరకు విడిభాగాలను అడ్వాన్సు ఇచ్చిన ఆర్డర్లకు మాత్రమే, ఒక్కో కారుకు సరిపడా తెప్పించుకోండి.