ముత్తమ్మ కేసు: కోర్టు కొట్టేసింది నిబంధనను కాదు, పిటిషన్‌ను

మీ మెయిన్స్ జవాబులో "1979లో సుప్రీంకోర్టు రూల్ 8(2)ను రద్దు చేసింది" అన్న వాక్యానికి మార్కులు ఎందుకు పోయాయని అడిగారు కదండీ. తప్పు అక్కడే ఉంది. కోర్టు ఆ నిబంధనను రద్దు చేయలేదు. కేసు వేసిన ఇండియన్ ఫారిన్ సర్వీస్ (విదేశాంగ సేవ) అధికారి ముత్తమ్మ గారికి కేసు నడుస్తుండగానే గ్రేడ్-1 పదోన్నతి వచ్చింది. మహిళా అధికారుల పెళ్లిపై ఆంక్షలు పెట్టిన రెండు నిబంధనల్లో 18(4)ను తీసేశామని, 8(2)ను తీసేస్తున్నామని ప్రభుత్వమే చెప్పింది. అందుకే పిటిషన్‌ను కొట్టేశారు. అయితే పదోన్నతి ఆలస్యమైన నెలల్లో జూనియర్లు ముందుకెళ్లారు కాబట్టి ఆమె సీనియారిటీని మళ్లీ పరిశీలించమన్నారు. ఆమె ముందున్న కెరీర్‌పై దాని ప్రభావం ఉండొచ్చు, ఇది తప్పక రాయండి.

రెండు నిబంధనలనూ కలిపేయకండి. 8(2) ప్రవర్తనా నియమావళిలోది: మహిళా అధికారి పెళ్లికి ముందే ప్రభుత్వ రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సి ఉండేది, తర్వాత ఇంటి బాధ్యతలు పనికి అడ్డొస్తాయనుకుంటే ప్రభుత్వం రాజీనామా చేయమనగలిగేది. 18(4) నియామక నియమావళిలోది: దాని ప్రకారం వివాహితకు నియామకం హక్కుగా ఉండేది కాదు. రెండూ 1961 నాటివే, ఇండియన్ ఫారిన్ సర్వీస్‌కు చెందినవే. మగ అధికారికి ఇలాంటి షరతు ఉండేది కాదు. సమానత్వాన్ని చెప్పే రాజ్యాంగంలోని 14, 16 అధికరణాల వాదనకు ప్రాణం ఇదే.

ఈ తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్ మాటలు ఘాటుగా ఉంటాయి, నిజమే. పెళ్లయిన మగవాడికున్న హక్కు పెళ్లయిన స్త్రీకి తగ్గదన్నారు, సర్వీసు నిబంధనలన్నీ ప్రక్షాళన చేయమన్నారు. వాటిని "వ్యాఖ్యానించింది" అని రాయండి, "తీర్పునిచ్చింది" అని కాదు.