ఆఫ్రికా అంతటికీ ఒకే వాణిజ్య ఒప్పందం ఉన్నా సరుకు సరిహద్దుల్లో ఎందుకు ఆగిపోతోంది?
సంతకాలతో సుంకాలు తగ్గుతాయి గానీ లారీ కదలదు. 2018లో కిగాలీలో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై ఆఫ్రికా యూనియన్‌లోని 55 దేశాల్లో ఎరిత్రియా తప్ప అన్నీ సంతకం చేశాయి. 2021 జనవరి 1 నుంచి దాని కింద వ్యాపారం మొదలైంది. అయితే రాయితీ దక్కాలంటే సరుకు ఆఫ్రికాలోనే తయారైందని కాగితం చూపాలి. బట్టలు, కార్ల విషయంలో ఈ నిబంధన మీదే ఏళ్ల తరబడి బేరాలు సాగాయి.

జాంబియా, జింబాబ్వేల మధ్య, జాంబెజీ నది ఒడ్డున ఉన్న చిరుండునే చూడండి. ఒకప్పుడు లారీ డ్రైవర్ వంతెనకు ఇవతల ఒకసారి, అవతల మరోసారి కాగితాలు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. 2009 నుంచి రెండు దేశాల అధికారులూ ఒకే ఆవరణలో కూర్చుంటున్నారు. ఒక్కచోట ఆగితే చాలు. నా దృష్టిలో సుంకాల చర్చలకన్నా ఇలాంటి చెక్‌పోస్టులకే ముందు డబ్బూ మనుషులూ కావాలి.