అంగారకుడి తొలి దగ్గరి ఫోటోకి చేత్తో రంగులేశారా? మనమూ వేసి చూడొచ్చా?

రెండింటికీ జవాబు అవుననే.

1965 జులైలో నాసా వ్యోమనౌక మారినర్-4 అంగారకుడికి పది వేల కిలోమీటర్ల లోపు నుంచి దాటిపోతూ 21 పూర్తి ఫోటోలు, 22వ దానిలో కొంత ముక్క తీసింది. ఒక్కో ఫోటోలో 200 వరసలు, వరసకు 200 చుక్కలు. ఒక్కో చుక్క వెలుగు 0 నుంచి 63 లోపు ఒక అంకె, అంటే 6 బిట్లు (0 లేదా 1 గుర్తులు). ఒక్కో ఫోటోకి మొత్తం 2,40,000 బిట్లు. వ్యోమనౌక సెకనుకు పంపగలిగింది 8 బిట్ల పైచిలుకు మాత్రమే. అందుకే ఫోటోలను ముందు టేపు మీద దాచుకుని, ఒక్కోదాన్ని ఎనిమిది గంటలకు పైగా నిదానంగా పంపింది. పది వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో, ఇరవై కోట్ల కిలోమీటర్ల పైనుంచి!

టేపు రికార్డర్ సరిగా పనిచేసిందో లేదో అని ఈ యాత్రను నడిపిన నాసా ప్రయోగశాల జేపీఎల్‌లో అందరికీ గుబులు. కంప్యూటర్ బొమ్మ తయారయ్యేదాకా ఆగలేక, అక్కడి ఇంజినీర్ రిచర్డ్ గ్రమ్ బృందం అంకెలు అచ్చయిన కాగితం పట్టీలను పక్కపక్కనే అమర్చి, అంకెను బట్టి పేస్టల్ (సుద్దముక్కల్లాంటి) రంగులు పూసింది. అంగారకుడి అంచు అలా కళ్ళ ముందుకొచ్చింది. నా దృష్టిలో ఆ తర్వాత వచ్చిన ఎంత స్పష్టమైన ఫోటో అయినా దీని తర్వాతే.

మీరు చేయాలంటే నేరుగా 40,000 గడుల జోలికి పోకండి. అంగారకుడి మీదో చంద్రుడి మీదో ఉన్న ఏదైనా బిలం (గుండ్రటి గుంట) ఫోటోను 50×50 చుక్కలకు, 64 స్థాయిల నలుపు-తెలుపుకు కుదించి, అంకెలు అచ్చు తీసుకోండి. గ్రాఫ్ షీటు మీద గడికి 3 మి.మీ. ఇస్తే బొమ్మ 15 సెం.మీ. వస్తుంది. మైనపు క్రేయాన్ మొన లావు, పక్క గడిలోకి పాకుతుంది; చెక్కిన రంగు పెన్సిళ్ళే నయం. ముదురు నుంచి లేతకు ఆరు రంగులు చాలు.

ఎక్కువమంది తప్పు చేసేది 0–63ని ఆరు సమాన భాగాలు చేయడంలో. ఇలాంటి ఫోటోల్లో వెలుగు తేడా తక్కువ. అంకెలన్నీ 30–47 మధ్యే ఉంటే బొమ్మంతా రెండు మూడు రంగుల్లో ముద్దయిపోతుంది. ముందు కనిష్ఠం, గరిష్ఠం చూసుకుని ఆ మధ్యనే పంచండి: ఈ లెక్కన రంగుకు మూడేసి అంకెలు.

ఇంకోటి, ఒక్క అంకె వదిలేస్తే ఆ వరసలో మిగతావన్నీ ఒక గడి జరుగుతాయి, బిలం అంచు విరిగినట్టు కనిపిస్తుంది. ప్రతి వరస చివర 50 వచ్చిందా అని లెక్క చూసుకోండి. మారినర్ పంపిన అసలు అంకెలతోనే చేస్తుంటే, ఎక్కడైనా ఒంటరి చుక్క చుట్టుపక్కల కంటే దాదాపు 32 ఎక్కువో తక్కువో ఉంటే అది పై బిట్ (ఆరింటిలో 32 విలువున్నది) తారుమారైన గుర్తు కావచ్చు (మారినర్ లాంటి బలహీనమైన సంకేతాల్లో ఇది మామూలే). పక్క గడి రంగే వేసేయండి.

పూర్తయ్యాక గోడకు పెట్టి పది అడుగులు వెనక్కి జరిగి చూడండి. దగ్గర్లో గళ్ళుగా ఉన్నది అక్కడి నుంచి గుంటై కనిపిస్తుంది.