టీకాలో కొవ్వు సంగతి తర్వాత, ముందు ఆ మరక చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 54, బరువు 83 కిలోలు. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి. త్వరలో రాబోయే క్యాన్సర్ టీకాను కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తారని చదివాను. దానివల్ల నా కొలెస్ట్రాల్ పెరుగుతుందా? ఈ భయంతోనే 12 ఏళ్ల మనవరాలికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించలేదు. నాకు నెలసరి ఆగి మూడేళ్లయింది. రెండు నెలలుగా అప్పుడప్పుడు ఎర్ర మరక కనిపిస్తోంది, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలతో తగ్గుతోంది.
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు టీకా గురించి అడిగారు కానీ, నాకు ఆందోళన కలిగించింది మీరు చివర్లో యథాలాపంగా రాసిన మాట. నెలసరి ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా కారణం తేల్చుకోవలసిందే. చాలామందిలో అది గర్భాశయం లోపలి పొర పలచబడడం, పాలిప్ (చిన్న కండ పెరుగుదల) వంటి మామూలు కారణాలతోనే వస్తుంది. అయితే గర్భాశయ క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి మొదట కనిపించే లక్షణం కూడా ఇదే కాబట్టి, పరీక్షించకుండా ఏమీ లేదని నేను చెప్పలేను. యోని మార్గం ద్వారా చేసే స్కానింగ్‌లో గర్భాశయం లోపలి పొర మందం సాధారణంగా 4 మిల్లీమీటర్లు దాటితే, లేదా పలచగా ఉన్నా రక్తస్రావం మళ్లీ మళ్లీ అవుతుంటే, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

మాత్రల పేరు మీరు రాయలేదు. ట్రానెక్సామిక్ ఆమ్లమో, నెలసరి వాయిదా వేయడానికి వాడే నోరెథిస్టిరానో అయి ఉండవచ్చు. మొదటిది రక్తస్రావాన్ని ఆపుతుందే గాని దాని కారణాన్ని ముట్టుకోదు. రెండోది ఆ పొర రూపాన్నే మార్చి, బయాప్సీ చూసే పాథాలజిస్టును తికమక పెట్టగలదు. రెండింటితోనూ కొందరికి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. షాపు అతన్ని ఏమనను గాని, మరక కనిపించకపోవడమే నయం కావడమని రెండు నెలలు నమ్మిన మిమ్మల్ని మాత్రం కాస్త కోప్పడాలనిపిస్తోంది.

ఇక కొవ్వు. మీరు చదివినది ఎంఆర్‌ఎన్‌ఏ టీకా, అంటే ప్రోటీన్ తయారీ సూచనను ఆర్‌ఎన్‌ఏ రూపంలో కణానికి అందించేది. ఆ టీకాల బుడగ నాలుగు రకాల లిపిడ్లతో (కొవ్వు పదార్థాలతో) తయారవుతుంది, అందులో కొలెస్ట్రాల్ ఒకటన్నది నిజమే. ఫైజర్ కోవిడ్ టీకా పెద్దల డోసులో అది 0.2 మిల్లీగ్రాములు, ఒక కోడిగుడ్డు సొనలో సుమారు 180. అసలు పని చేసే లిపిడ్ వేరు: రక్తంలో దాదాపు విద్యుదావేశం లేకుండా ఉండి, కణంలోని ఆమ్ల తిత్తిని చేరాక ధనావేశం పొంది, ఆ తిత్తి పొరను చెదరగొట్టి ఆర్‌ఎన్‌ఏను బయటికి వదులుతుంది. మీ రిపోర్టులోని ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్)తో దీనికి సంబంధం లేదు.

మనవరాలికి వేయించవలసిన టీకాలో ఈ బుడగలే ఉండవు. సెర్వావాక్ గాని, గార్డాసిల్ గాని, వైరస్ బయటి తొడుగు ప్రోటీన్‌తో చేసినవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల వైరస్‌ల నుంచి అవి రక్షిస్తాయి. ఆమె వయసులో సాధారణంగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. పిల్లల డాక్టరును కలవండి. మీ విషయంలో నేను అనుమానిస్తున్నది గర్భాశయం లోపలి పొరను, దానికి ఈ టీకాతో పనిలేదు.

2024 డిసెంబరులో రష్యా ఎంఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్ టీకాను తయారుచేశామని ప్రకటించిన తర్వాత చాలామంది క్యాన్సర్ టీకాను పోలియో చుక్కల్లా ఊహించుకుంటున్నారు. అలాంటివి ఇప్పటికే క్యాన్సర్ వచ్చినవారికి, వారి గడ్డలోని జన్యుమార్పులను చదివి, ఒక్కొక్కరికి విడిగా తయారుచేసే చికిత్సలు. గడ్డ ఉందో లేదో తేలకుండా వాటి కోసం ఎదురుచూడడంలో అర్థం లేదు.

మీ విషయంలో లెక్కలోకి వచ్చే కొవ్వు ఒంట్లోది. మెనోపాజ్ తర్వాత అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారీని దాదాపు మానేసినా, కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ ఎంజైము ఆండ్రోజెన్లనే మరో రకం హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. దాని ప్రభావాన్ని అడ్డుకునే ప్రొజెస్టిరాన్ హార్మోన్ లేనందున గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. బరువు, షుగర్ రెండూ ఉన్నాయి కనుకనే ఇంతగా చెబుతున్నాను.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి, వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. షుగర్, కొలెస్ట్రాల్ మందులు మీకై మీరు ఆపవద్దు. రక్తస్రావం ఎక్కువైనా, కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.