అమెరికా పల్లెలో రైతు భార్య జీవితం ఎలా ఉంటుంది?

"అక్కడ రైతుకి వందల ఎకరాలు, ఏసీ ట్రాక్టర్లు ఉంటాయి కదా, ఆ ఇంట్లో ఆడవాళ్ళకి పనేముంటుంది?" అని అడిగారు. నేను దగ్గరగా చూసింది ఒక్క ఇల్లే. ఆ ఇంటి సంగతే చెబుతాను.

మా ఆయన అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే ఊళ్ళోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు, 2016 నుంచి 2019 దాకా, ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఒక రైతు ఇంట్లో మేడమీద అద్దెకి ఉన్నాం. డిపెండెంట్ వీసా కాబట్టి నాకు ఉద్యోగం లేదు. పగలంతా ఆ ఇంటి పెద్దావిడతోనే గడిచేది. అప్పటికి ఆవిడకి 76 ఏళ్ళు. అక్కడ పెద్దవాళ్ళని కూడా పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాలేదు. మనవలు పిలిచినట్టే గ్రాండ్‌మా అనేదాన్ని.

అక్కడ మన పల్లెల్లోలాగా ఇళ్ళన్నీ ఒకచోట ఉండవు. నేలంతా మైలు పొడవు, మైలు వెడల్పు చదరాలుగా కొలిచి ఉంటుంది. ఒక్కో చదరం 640 ఎకరాలు, చుట్టూ కంకర రోడ్లు. ఎవరిల్లు వాళ్ళ పొలంలోనే. మా పక్కింటికి వెళ్ళాలంటే అర మైలు నడవాలి. ఒకవైపు మొక్కజొన్న, ఒకవైపు సోయా, మధ్యలో మనం. జనవరిలో మంచు కురిస్తే రెండేసి రోజులు మనిషి మొహం కనబడేది కాదు. గ్రాండ్‌మా పెళ్ళయి వచ్చిన కొత్తలో నాలుగైదు ఇళ్ళకి కలిపి ఒకటే ఫోన్ లైన్ ఉండేదట. తనది కాని గంట మోగినా ఒక్కోసారి రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేదాన్నని చెప్పింది, మనిషి గొంతు వినబడుతుందని. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళు తడిశాయి.

ఇక పని అంటారా? ఎండాకాలం వంటిల్లు చూడాలి మీరు. జులై, ఆగస్టుల్లో తోటలో చిక్కుళ్ళు, టమాటాలు, స్వీట్‌కార్న్ అన్నీ ఒక్కసారే విరగకాస్తాయి. ఏడాదికి సరిపడా గాజు సీసాల్లో పెట్టి దాచాలి. చిక్కుళ్ళు తరిగి సీసాల్లో నింపి, పెద్ద ప్రెషర్ పాత్రలో ఏడు సీసాలు దించి, ప్రెషర్ వచ్చాక సరిగ్గా 25 నిమిషాలు. ఆ 25 నిమిషాలూ స్టవ్ దగ్గర నుంచి కదిలేది కాదు. తేడా వస్తే లోపల విషం పుట్టి ప్రాణం మీదకి వస్తుందని భయం. సీసాలు తీసి తువ్వాలు మీద వరసగా పెట్టాక ఇద్దరం మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. చల్లారుతూ ఒక్కో మూత లోపలికి లాక్కుని టక్కుమని చప్పుడు చేస్తుంది. ఒకటి, రెండు, మూడు... ఏడో టక్కు వినబడ్డాకే ఆవిడ ఏప్రన్ విప్పేది. మనం పచ్చి మామిడికాయ ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిపి, పొయ్యి వెలిగించకుండానే ఏడాది నిలవ ఉంచుతామని చెబితే మొదట నమ్మలేదు. ఆవకాయ పెట్టి చూపించాక నూనె పైకి తేలడం రోజూ వచ్చి చూసుకునేది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఆవిడ లెక్కల పుస్తకాలు. వంటింటి బల్ల సొరుగులో ఏడాదికొకటి చొప్పున పేర్చి ఉండేవి. ఎన్ని డజన్ల గుడ్లు అమ్మింది, ఏ స్పేర్ పార్టు కోసం ఎన్ని మైళ్ళు వెళ్ళింది, పొలానికి ఎందరికి భోజనం పంపింది, అన్నీ రాసేది. ఇంత ఎందుకని ఒకరోజు అడిగాను. 1974లో వాళ్ళ నాన్న పోయారట. ఆ రోజుల్లో చట్టం ప్రకారం భార్యాభర్తల పేరున కలిపి ఉన్న పొలాన్ని కూడా, ఆమె డబ్బు పెట్టినట్టు రుజువు లేకపోతే, మొత్తం భర్త ఆస్తిగానే చూసి ఎస్టేట్ టాక్స్, అంటే పోయినవారి ఆస్తి మీద పడే పన్ను, లెక్కకట్టేవారు. వాళ్ళమ్మ పెళ్ళయినప్పటి నుంచీ కోళ్ళు పెంచి, మీగడ అమ్మి, ఆ డబ్బుతోనే ఇల్లు నడిపింది. కానీ చూపించడానికి ఒక్క కాగితం లేదు. పన్ను కట్టడానికి కొంత నేల అమ్మాల్సి వచ్చింది. 1981 చట్టంతో భార్యకి వచ్చే ఆస్తి మీద ఆ పన్ను పూర్తిగా పోయింది. కానీ ఈవిడ రాయడం మానలేదు. అది వింటుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నాట్లు వేసి, కలుపు తీసిన ఆవిడ పేరు మీద పాసుపుస్తకం ఏనాడూ లేదు.

ఆ పుస్తకాల్లో 1980ల పేజీలు చదవడం కష్టంగా ఉంటుంది. అయోవాలో సగటున ఎకరం 1981లో 2,147 డాలర్లు ఉండేది, 1986కి 787కి పడిపోయింది. భూమిని చూపించి తెచ్చిన అప్పు అలాగే ఉంది, వడ్డీ ఆకాశానికి వెళ్ళింది. చుట్టుపక్కల ఇళ్ళలో వేలాలు. వీళ్ళు 80 ఎకరాలు అమ్మి బయటపడ్డారు. ఆవిడ బడి వంటింట్లో ఉద్యోగానికి చేరింది. జీతం కన్నా ఆ ఉద్యోగంతో వచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కోసం. అక్కడ చాలా రైతు కుటుంబాల్లో భార్య బయట ఉద్యోగం చేసేది ఇందుకే. తెల్లవారుజామున పందులకి మేత వేసి బడికి వెళ్ళేది, సాయంత్రం వచ్చి మళ్ళీ మేత వేసేది. అలా పద్దెనిమిదేళ్ళు.

నేనున్నప్పటికి సేద్యం కొడుకు చేతికి వచ్చింది. అయినా అక్టోబరులో కోతలప్పుడు ట్రాక్టరుకి ధాన్యం బండి తగిలించి తోలేది ఆవిడే. ముందు మనవడు కోత మిషన్ నడుపుతుంటాడు, అది ఆగదు. దాని పక్కనే అదే వేగంతో, అడుగు అటూ ఇటూ కాకుండా తోలితే గింజలు బండిలో పడతాయి. మెడ ఒకవైపే తిప్పి తిప్పి రాత్రికి తల ఎత్తలేకపోయేది. భోజనం వేళకి దిగి వచ్చి అందరికీ తినడానికి సర్దేది. ఇంకెవరైనా చేస్తామన్నా ఒప్పుకునేది కాదు. కోతలన్ని రోజులూ నాకు టెన్షన్‌గానే ఉండేది.

చివరి ఏడాది, 2018 కోతలకి, వంట నాకు వదిలేసింది. చికెన్, నూడుల్స్ కలిపి ఓవెన్‌లో పెట్టి, గిన్నెని తువ్వాళ్ళలో చుట్టి, పికప్ నేనే నడుపుకుంటూ పొలానికి తీసుకెళ్ళాను. వెనక తలుపు దించి దాని మీదే వడ్డించాను. మొక్కజొన్న దుమ్ము అందరి కనురెప్పల మీదా ఉంది. ఆవిడ రెండుసార్లు పెట్టించుకుంది.

ఆ రాత్రి సీసాలు సర్దడానికి కిందికి వెళితే పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. తారీఖు, ఏ మడి, గింజలో తేమ 18 శాతం, భోజనాలు ఆరు. దాని పక్కన, వండి తెచ్చినవారు అని, నా పేరు.