మొదటి మిడ్‌కు ముందే పెట్టాల్సిన దరఖాస్తు

చి. సౌమ్యకు, అత్త ఆశీస్సులు.

బీటెక్ కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)లో సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. ఆ వెంటనే, "నేనే వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడి వస్తానక్కా, దాని కళ్ళ సంగతి కాస్త చూసుకోమని చెబుతా" అన్నాడు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. నా ఉద్యోగమంతా యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనే గడిచింది. "కాస్త చూసుకోండి" అని చెప్పి వెళ్ళే తల్లిదండ్రులు ఏటా వస్తుండేవారు. విన్నవాళ్ళు మంచివాళ్ళే, సరేనని తలూపేవారు. కానీ పరీక్ష రోజు నీ గదిలో ఉండేది ఆ ప్రిన్సిపాల్ కాదు, వేరే కాలేజీ నుంచి డ్యూటీ మీద వచ్చిన ఇన్విజిలేటర్. ఆవిడకు నీ సంగతి తెలియదు. తెలిసినా, పైనుంచి ఆర్డరు లేకుండా పది నిమిషాలు ఎక్కువ ఇవ్వడానికి భయపడుతుంది. ఆమెను తప్పుపట్టలేం కూడా.

కాబట్టి నీకేం కావాలో కాగితం మీద పెట్టు. క్లాసులు మొదలైన వారం పది రోజుల్లోనే పెట్టు. నువ్వే వెళ్ళి ఇవ్వు. నాన్న తోడు వస్తే రానీ, కానీ మాట్లాడేది నువ్వే. ఆయన గదిలో ఉంటే ప్రిన్సిపాల్ ఆయన వైపే తిరిగి, "అమ్మాయికి ఏ మాత్రం కనిపిస్తుందండీ?" అని అడుగుతారు. అది మొదటి రోజే ఆగకపోతే నాలుగేళ్ళూ అలాగే సాగుతుంది.

ముందు సర్టిఫికెట్ సంగతి. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌ను ఇన్నాళ్ళూ మీ అమ్మ వద్దంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమవుతుందని ఆమె భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. ఆ కాగితం ఉన్నా లేకపోయినా నీ చూపు అంతే. కాగితం లేకపోతే పోయేది నీకు రావలసిన టైమే. సచివాలయంలోగానీ మీసేవలోగానీ స్లాట్ బుక్ చేసుకో. డాక్టర్లు చూసే క్యాంపు రోజు ఆధార్, ఫొటోలు, చిన్నప్పటి నుంచి ఉన్న కంటి రిపోర్టులు, కళ్ళజోడు చీటీలు అన్నీ పట్టుకెళ్ళు. పొద్దున్నే వెళ్ళు, తిండి కట్టుకుని వెళ్ళు. దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, అది కూడా ఉంటే రాష్ట్రం దాటినా ఇబ్బంది ఉండదు.

సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం లోపు వేస్తే ఎలా అని మీ నాన్న అడిగాడు. కాలేజీ సీట్లలో 5 శాతం రిజర్వేషన్ లాంటివాటికి 40 శాతం తప్పనిసరి. పరీక్షలో సాయం వేరే విషయం. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. ఆయన డాక్టరు, రాయబోతే చెయ్యి బిగుసుకుపోతుంది. సివిల్స్ పరీక్షకు రైటర్, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలని అడిగితే, నీకు నలభై శాతం లేదుగా అని ఆ పరీక్ష పెట్టే యూపీఎస్సీ కాదంది. రాయడానికి ఇబ్బంది ఉన్న మనిషికి శాతం చూపించి రైటర్‌ను నిరాకరించడం కుదరదని కోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాత 40 శాతం లోపు వాళ్ళ కోసం 2022 ఆగస్టులో కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి శాతం గురించి టెన్షన్ పడకు. అది తక్కువైతే, రాయడంలో నీకున్న ఇబ్బందిని డాక్టరు చేత విడిగా రాయించుకోవాలి, అంతే.

ఇక దరఖాస్తు. ఒక్క పేజీ దాటనివ్వకు. మీ ఇంటి కష్టాలూ, నువ్వెంత బాగా చదువుతావో అందులో రాయకు. బతిమాలే ధోరణి అసలే వద్దు. "నేను మొదటి సంవత్సరం సీఎస్‌ఈ విద్యార్థినిని. నాకు చూపు తక్కువ. ధ్రువపత్రం నకలు జతపరిచాను. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16, 17 సెక్షన్ల ప్రకారం ఈ కింది ఏర్పాట్లు కోరుతున్నాను" అని మొదలుపెట్టి, కావలసినవి ఒక్కొక్కటీ విడిగా రాయి. "తగిన సహాయం" అని రాస్తే ఏమీ రాదు. బోర్డు మీద చూపించే పాఠం క్లాసుకు ముందే ఫైలుగా కావాలి అని రాయి. స్కాన్ చేసిన బొమ్మలు కాకుండా అక్షరాలను ఎంచుకోగలిగే పీడీఎఫ్ గానీ వర్డ్ ఫైలు గానీ కావాలని ప్రత్యేకంగా రాయి. జిరాక్స్ కాపీకి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే స్క్రీన్ మీది అక్షరాలను చదివి వినిపించే నీ ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు, ఈ సంగతి సగం మంది లెక్చరర్లకు తెలియదు. ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో కావాలా, రైటర్ కావాలా, రెండూనా? అదనపు సమయం ఎంత? ల్యాబ్‌లో ఏ స్క్రీన్ ముందు కూర్చోవాలి? ఇవన్నీ రాయాలి. కింద, "ఈ ఏర్పాట్లు మిడ్ పరీక్షలకూ, ల్యాబ్ పరీక్షలకూ, సెమిస్టర్ పరీక్షలకూ వర్తింపజేయగలరు" అన్న వాక్యం మరిచిపోకు. సెమిస్టర్ పరీక్షలు యూనివర్సిటీ చూసుకుంటుంది, సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్స్ కాలేజీ సొంత వ్యవహారం కదా అని చాలాచోట్ల మిడ్స్‌లో ఏమీ ఇవ్వరు. ఇంటర్నల్ మార్కులు పోయేది అక్కడే.

సమయం లెక్క నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకో. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు గంట, గంటన్నర మిడ్‌కు అరగంట.

రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డ్ నంబరు వేయించుకో. "పెట్టి వెళ్ళమ్మా, చూస్తాం" అంటే నవ్వుతూనే నిలబడు. నంబరు పడని కాగితం మా ఆఫీసుల్లో లేనట్టే. అదే రోజు సాయంత్రం దాని స్కాన్ కాపీని ప్రిన్సిపాల్‌కు, మీ విభాగం హెడ్‌కు (హెచ్‌ఓడీ) మెయిల్ చెయ్యి.

రైటర్ దగ్గర నీకు చాలా పని ఉంది. సాధారణంగా రైటర్ నీకన్నా కింద చదువుతూ ఉండాలి, అంటే నీకు ఇంటర్ పిల్లలు. సొంత రైటర్‌ను తెచ్చుకోవాలా, వాళ్ళే ఇస్తారా అన్న నియమాలు మారుతుంటాయి, ప్రతి నోటిఫికేషన్‌నూ చదువు. ఇంటర్ పిల్లలతో చిక్కేమిటంటే, వాళ్ళకూ అదే వారంలో పరీక్షలుంటాయి, కార్పొరేట్ కాలేజీలు సెలవు ఇవ్వవు. అందుకే ఇద్దరిని సిద్ధం చేసుకుని ఉంచు. దొరికాక వాళ్ళతో రెండు మూడు పాత పేపర్లు కూర్చుని రాయించు. నువ్వు సీ ప్రోగ్రాం చెబుతుంటే ఆ పిల్లకు సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో తెలియదు. ప్రతి లైను చివరా నువ్వే చెప్పాలి. "కొత్త లైను, నాలుగు ఖాళీలు, పువ్వు బ్రాకెట్ మొదలు" అని ముందే ఒక భాష కుదుర్చుకోండి. లెక్కల్లో "ఏ ప్లస్ బీ స్క్వేర్" అంటే స్క్వేరు బీకే పెట్టాలా, మొత్తానికా అన్నది ఆమె ఊహకు వదలకు. ప్రశ్న రెండుసార్లు చదివించుకో. జవాబు రాశాక ఒకసారి చదివి వినిపించమను. గంట అదనంగా ఇచ్చేది ఇందుకే, అదేమీ నీకు చేస్తున్న ఉపకారం కాదు.

పరీక్ష హాల్లో లోపల జరిగేది కూడా చెబుతా. మూడు గంటలు కాగానే అందరి పేపర్లూ లెక్కపెట్టి, బండిల్ కట్టి, సీలు వేసి పంపాలనే తొందరలో ఉంటారు. నీ ఒక్క పేపరు కోసం ఆ బండిల్ గంట ఆగాలి. ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. అందుకే విడిగా గది అడుగు, నీకు ఏర్పాట్లు మంజూరు చేసిన ఆర్డరు జిరాక్స్ హాల్ టికెట్‌తో పాటే ఉంచు, పరీక్షకు అరగంట ముందే అక్కడి పరీక్షల బాధ్యత చూసే చీఫ్ సూపరింటెండెంట్‌ను కలిసి చూపించు. 2021లో అవ్ని ప్రకాశ్ అనే అమ్మాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆమెకు డిస్‌గ్రాఫియా, అంటే చేత్తో రాయడంలో ఇబ్బంది. నీట్ పరీక్షలో రావలసిన అదనపు గంట పరీక్ష కేంద్రంలో ఇవ్వలేదు. తప్పు జరిగిందని కోర్టు ఒప్పుకుంది, వారంలోగా సరిదిద్దే దారి చూడమని, నీట్ పెట్టే ఎన్‌టీఏకు చెప్పింది. కానీ మళ్ళీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. గెలిచినా ఆ గంట తిరిగి రాలేదు. నేను ఇంతగా ముందే, ముందే అంటున్నది అందుకు.

"మాది ప్రైవేటు కాలేజీ, ఇవన్నీ గవర్నమెంటు వాళ్ళకే" అనే మాట తప్పకుండా వింటావు. ఐదు శాతం సీట్ల సంగతిలో అది నిజమే, అది ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలకే. కానీ 16వ సెక్షన్ ప్రభుత్వం గుర్తించిన విద్యాసంస్థలన్నిటి గురించీ మాట్లాడుతుంది. గుర్తింపు లేని కాలేజీ డిగ్రీ ఇవ్వలేదు కదా, అదే మర్యాదగా గుర్తుచెయ్యి.

"కోడింగ్ అంతా స్క్రీన్ మీదేగా, నీ వల్ల అవుతుందా" అనేవాళ్ళూ తగులుతారు. మచిలీపట్నం వైపు పిల్లాడు శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి అయ్యాక సైన్స్ తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకెళ్ళి తెచ్చుకున్నాడు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివాడు. ఇది నీ ధైర్యం కోసం చెప్పాను, ఎదుటివాళ్ళకు ఈ కథ చెప్పి వాదించకు, టైం దండగ.

దరఖాస్తు ఇచ్చిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, దాని నంబరు వేసి గుర్తు చేస్తూ ఇంకో కాగితం పెట్టు. అప్పటికీ కదలకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు రాయి. ఆ తర్వాత వికలాంగుల రాష్ట్ర కమిషనర్. ఆయనకు సమన్లు పంపే విషయంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి. లాయరు అక్కర్లేదు. చాలాసార్లు అక్కడిదాకా పోదు. కమిషనర్ పేరు కాపీ లైనులో కనిపించగానే ఫైలు కదలడం నేను కళ్ళారా చూశాను.

డబ్బు సంగతి. నలభై శాతం దాటితే, సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే సక్షమ్ స్కాలర్‌షిప్‌కు పెట్టు, ఏడాదికి 50,000 రూపాయలు, ఇంటి ఆదాయం 8 లక్షలు మించకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువు చూసుకో.

ఇంకో మాట. నీ సంగతి కళ్ళజోడు చూసి గుర్తుపడతారు, అలా పైకి చూసి గుర్తుపట్టలేని పిల్లలూ మీ క్లాసులో ఉంటారు. డిస్లెక్సియా, సికిల్ సెల్, తలసీమియా, మానసిక అనారోగ్యం, ఇవన్నీ ఆ చట్టం చెప్పే 21 వైకల్యాల్లో ఉన్నాయి. నీ దరఖాస్తు నమూనా ఎవరడిగినా ఇవ్వు. ఎవరికేముందో మాత్రం నువ్వు బయటపెట్టకు.

ఈ సోమవారమే స్లాట్ సంగతి కనుక్కో. దరఖాస్తు చిత్తు రాసి నాకు వాట్సాప్ చెయ్యి, దిద్ది పంపిస్తా. ఒరిజినల్ సర్టిఫికెట్ ఆఫీసులో ఎవరు అడిగినా చూపించి వెనక్కి తీసుకో, ఇచ్చి రాకు.

ఇట్లు,
మీ అత్త